అక్షరానికి పద్దెనిమిది

ముక్తేశ్వరం రేవు పక్కనే నా రాళ్ల కొట్టు.
పంటు దిగినవాళ్లు ముందు టీ తాగుతారు,
తర్వాత నా వంక చూస్తారు,
తమకింకా అవసరం పడలేదన్నట్టు నడిచిపోతారు.

నిన్న కమిటీవాళ్లు కాగితం తెచ్చారు.
మేజర్ జనరల్ గుబ్బల భీమశంకరం, వీరచక్ర.
కింద పంతొమ్మిది పంక్తులు:
ఏ ఏడు ఏ పటాలం, ఏ కొండ, ఏ వంతెన,
ఏ రాత్రి ఎంతమందితో విమానంలోంచి దూకాడు.
ఎంతమందితో తిరిగొచ్చాడో రాయలేదు.

అక్షరానికి పద్దెనిమిదన్నాను.
ఒత్తులకి వేరే లెక్కా? అన్నాడు ప్రెసిడెంటు.
ఒత్తులు ఉచితమండి. గుడులూ కొమ్ములూ కూడా.
అయినా బేరమాడి, ఒక యుద్ధాన్ని కొట్టేయించాడు.
తన పేరు మాత్రం అడుగున
రెండంగుళాల లావు ఉండాలట.

నల్లరాయి మీద సుద్దగీతలు గీస్తూ కూర్చున్నాను.
'కమాండో' చెక్కడం కష్టం.
సున్నా పక్కన డో, ఉలి జారేది అక్కడే.
ఆయనకది ఎక్కడ మొదలైందో కాగితంలో లేదు.
కల్లుగీత ఇంటి పిల్లాడు.
మోకు లేకుండా తాడెక్కి
దిగాక ఆ మోకుతోనే నాన్న చేత తన్నులు తిన్నవాడు.
గుర్రపుడెక్క కింద నక్కి
బొప్పాయి కాడ నోట్లో పెట్టుకుని
గౌతమి పాయలో పూటంతా ఊపిరి పీల్చినవాడు,
ఎక్కాలు అప్పజెప్పడం తప్పించుకోడానికి.

ఇరవయ్యేళ్ల తర్వాత
ఇంకో నది, ఇంకో డెల్టా, డిసెంబరు చలి.
అదే గుర్రపుడెక్క, నెత్తిన అదే ఊదాపువ్వు,
రొమ్ముకి కట్టుకున్న మందుగుండు,
ఎదురుగా దీపాలార్పిన ఓడ.
కాగితంలో దీనికి ఒకటే మాట: అసమాన సాహసం.
ఏడక్షరాలు. నూట ఇరవయ్యారు రూపాయలు.

రిటైరైన కొత్తలో ఆయనే ఒకసారి నా కొట్టుకొచ్చారు.
పంచె, గొడుగు, ఎడమ చేతికి రెండు వేళ్లు తక్కువ.
(నిన్న కమిటీ కొట్టేయించిన యుద్ధంలో పోయినవే అవి.)
ఆ చేత్తోనే రాళ్లు తట్టి చూశారు,
పుచ్చకాయ కొనేవాడిలా.
చిన్నది చాలన్నారు.
ఏం పేరు చెక్కమంటారండి అంటే
ఏటివైపు తిరిగి చాలాసేపు నిలబడి
"వాడి పేరు నాకు తెలీదోయ్" అన్నారు.

"పదమూడేళ్లుంటాయేమో.
చీకట్లో ఆ పాయల్లోంచి మమ్మల్ని తీసుకెళ్లాడు.
వాడి మాట నాకు రాదు, నా మాట వాడికి రాదు.
లోతైతే ఒకసారి, మెరకైతే రెండుసార్లు
తెడ్డు మీద వేళ్లతో తట్టేవాడు.
ఓడ పేలింది.
మేం ఈదుకొచ్చేశాం.
వాడు పడవని వదిలి రాలేదు."

'పడవవాడు' అని చెక్కాను.
అప్పట్లో అక్షరం ఆరు. ముప్ఫై అయింది.
వందిచ్చి, డెబ్భై లెక్కపెట్టుకుని తీసుకున్నారు.
ఆఖరి పంటుదాకా రాయి నేనే మోశాను.
కోటిపల్లి ఇంకా సగం దూరముందనగా
ఇటివ్వమని తీసుకుని,
చుట్టపీక పారేసినంత మామూలుగా
నడి ఏట్లో జారవిడిచారు.
ఒక మేక ఉలిక్కిపడింది.
మిగతావాళ్లు టిక్కెట్టు చిల్లర గొడవలో ఉన్నారు.

ఇప్పుడీ నల్లరాయి మీద పద్దెనిమిది పంక్తులూ పట్టాయి.
మంత్రిగారి తేదీ కోసం గోనె కప్పి ఉంచాను.

ఎండాకాలం నీళ్లు తీస్తే
నడి ఏట్లో పంటు అడుగు దేనికో గీసుకుంటుంది.
సరంగు గెడ వేసి పొడిచి చూస్తాడు.
"రాయిలా తగులుద్దండి బాబూ,
రాయన్నదే లేని ఈ గోదాట్లో!"
అవునా అంటాను.
అనేసి, చొక్కాకంటిన రాతిపొడి దులుపుకుంటాను.